ఆకాశానికి టంకం

మా బావ రత్నరాజుకి గొట్టం నోట్లో పెట్టుకుంటే ఊదడమే తెలుసు. చిలకలపూడి రోల్డుగోల్డు పనిలో టంకం పెట్టేవాళ్లందరికీ అంతే. ఎదురుగా కిరసనాయిలు దీపం, నోట్లో కొస వంగిన ఇత్తడి గొట్టం, ముందు బొగ్గు దిమ్మ మీద అతకాల్సిన గాజో గొలుసో ఉంటాయి. బుగ్గలు పూరించి ఊదితే దీపం మంట పక్కకి వంగి, సూదిలా సాగి, సరిగ్గా అతుకు మీదికి పోవాలి. అతుకు మీద రాసిన వెలిగారం బుడగకట్టి కరిగి, టంకం మెరుపులా పారేదాకా ఊపిరి తెగకూడదు. ముక్కుతో తీసుకుంటూనే నోటితో వదులుతూ ఉండటమే అందులో విద్య. ఉబ్బసం మనిషి చేసే పని కాదది. అసలు ఆ పని వల్లే ఉబ్బసం వచ్చిందని మా అక్క కృపమ్మ అనేది. పక్క వసారాలో పూత పోసే తొట్ల నుంచి లేచే యాసిడ్ పొగను కూడా తిట్టేది. బావని అడిగితే మాత్రం, ఉప్పెననాడు దివిసీమలో మింగిన నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయని నవ్వేవాడు. వాళ్లింట్లో ఆ నీళ్లు మింగి బతికింది ఆయనొక్కడే.

ఆ ఏడు నేను బందరులో ఉన్నాను. బీఈడీ అయిపోయి, టీచరు పోస్టుల పరీక్షకి కోచింగు అని నందివాడ పక్క మా ఊరి నుంచి వచ్చి అక్కవాళ్లింట్లో దిగాను. రెండువేల సంవత్సరం వస్తే లోకం ఉండదని జనం సరదాగా కొంతా భయంగా కొంతా చెప్పుకుంటున్న రోజులు. వానలు దసరాకి ముందే పట్టుకుని కార్తీకం దాకా వదల్లేదు. రేడియోలో పొద్దస్తమానం వాయుగుండం మాటే. ఇంట్లో గోడలు చెమర్చాయి, జాడీలో ఉప్పు నీరుకారింది, బావ గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆయనకి పంపు ఒకటి ఉండేది. ఇన్‌హేలర్ అని డాక్టర్లంటారు, ఇంట్లో పంపనే అనేవాళ్లం. నోట్లో పెట్టుకుని పైన నొక్కితే బుస్సుమని మందు లోపలికి పోతుంది. అదే లోపలికి కొట్టేది కాబట్టి ఆయన పీల్చాడా లేదా అన్న పట్టింపు ఎవరికీ ఉండేది కాదు. అయిపోయిన డబ్బాలు కూడా ఆయన పారేసేవాడు కాదు. అడుగు కోసి, అంచు మలిచి, వెలిగారం కలుపుకునే చిన్న గిన్నెలు చేసుకునేవాడు. పనిబల్ల మీద అవి వరసగా వెండి గిన్నెల్లా మెరుస్తుండేవి.

నా మేనకోడలు ఏంజెల్ అప్పుడు పదో తరగతి. ఒక సాయంత్రం బడి నుంచి రావడంతోనే, తడిసిన జడ విప్పుకోకుండా, తండ్రి చొక్కా జేబులోంచి పంపు తీసి దాని మీద అక్షరాలు చదవడం మొదలెట్టింది. బళ్లో సైన్సు ప్రదర్శన ఉందట. ఝాన్సీలక్ష్మి టీచరు ఓజోన్ పొర గురించి చెప్పిందట. ఫ్రిజ్‌లు, ఏసీలు, బుస్సుమని కొట్టే డబ్బాలు, వీటిలో ఉండే గ్యాసు పైకిపోయి ఆ పొరని తినేస్తుందట. ఆ జాబితాలో ఉబ్బసం పంపులు కూడా ఉన్నాయట.

"అంటే మనింట్లో కూడా ఉందన్నమాట, నాన్నా" అంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ మాట ఆ పిల్లకి కాస్త గొప్పగానే ఉన్నట్టుంది.

బావ బుగ్గలు దింపి గొట్టం పక్కన పెట్టాడు. "తినేస్తే ఏమవుద్ది?"

"చిల్లు పడుద్ది."

"దేనికి?"

"ఆకాశానికే అనుకో."

అక్క వంటింట్లోంచి, చిల్లు పడ్డ ఆకాశమే నయం, ఈ వానకి ముందు మన పెంకులు నేయించమను అని అరిచింది. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు గానీ, ఆ పంపుని మళ్లీ జేబులో వేసుకునే ముందు కాసేపు అరచేతిలో తిప్పి చూశాడు. నేను సైన్సు చదివినవాణ్ని కనక నన్ను అడిగాడు, నిజమేనా అని. నిజమేగానీ నీ పంపులోది లెక్కలోకి రాదన్నాను. ఆయన తల ఊపాడు. లెక్కలోకి రాదన్న మాట ఆయనకి ఊరట కాలేదని నాకప్పుడు తెలియలేదు. జుట్టంత సందున్న అతుకైనా సరే, వదిలేస్తే అక్కడే తెగుతుందని రోజూ చూసే మనిషి.

ఈ కబురు ఏంజెల్ నోటి నుంచి వీధికీ, వీధి నుంచి పనిషెడ్డుకీ పాకింది. షెడ్డు పిచ్చేశ్వరరావుది. తొట్లు ఆయనవి, సరుకు ఆయనది, పనివాళ్లు ముక్కల లెక్కన చేసేవాళ్లు. మంచి మాటకారి. కొట్టు వెనక అద్దాల గదిలో ఏసీ పెట్టించుకున్నది ఆ ఎండాకాలమే. మర్నాడు నేను బావకి కేరేజీ ఇద్దామని వెళ్లేసరికి షెడ్డు షెడ్డంతా నవ్వుతోంది.

"ఏరా రత్నం, ఆకాశానికి చిల్లు పెట్టావంట. ఊరందరి చిల్లులూ పూడుస్తావు, అదొక్కటీ వదిలేస్తావేం? నిచ్చెన ఇప్పిస్తాను, ఎక్కి టంకం పెట్టి రా" అంటున్నాడు పిచ్చేశ్వరరావు.

"వెలిగారం ఎంత పడుద్దో చెప్పండయ్యా, రేపే ఎక్కుతా" అన్నాడు బావ, వాళ్లతో పాటు నవ్వుతూ.

ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. సాయంత్రం కలిసి వస్తుంటే దారిలో నన్ను ఆపి, "బామ్మర్దీ, నేను పుట్టి బుద్ధెరిగాక చేసిన పనల్లా చిల్లులు పూడ్చడం. ఆకాశంతో పరాచికాలు నాకు పడవు. అది ఒక్కసారి దిగొస్తే ఎలా ఉంటుందో చూసినోణ్ని" అన్నాడు. గ్యాసు లేని మందు కూడా ఉంటుందని, పొడి పీల్చేదని, గుడివాడలో ఛాతీ డాక్టరు ఇస్తున్నాడని ఏంజెల్ టీచరుని అడిగి తెలుసుకుందట. ఆదివారం కాకుండా ఒకరోజు పని మానుకుని ఆయన ఎక్కడికైనా వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

పాసింజరులో వెళ్లాం. దారి పొడుగునా వరిచేలు నీళ్లలో మోకాలి దాకా మునిగి ఉన్నాయి. డాక్టరు పెద్దాయన. బావ చెప్పిందంతా ఓపిగ్గా విని, కళ్లజోడు మీదుగా చూశాడు.

"ఓజోన్ కోసం మందు మార్పించుకోవడానికి వచ్చినవాడివి నువ్వే మొదటివాడివయ్యా. మంచిదే. పొడి మందు కూడా బాగానే పనిచేస్తుంది. కానీ దాన్ని నువ్వే లాగాలి, అది నిన్ను తోయదు. ఊపిరి బాగా ఎగదన్నినప్పుడు లాగే సత్తువ ఉండదు. అందుకని పాత పంపు కూడా దగ్గరే ఉంచుకో. తెలిసిందా?"

తెలిసిందండీ అన్నాడు బావ.

ఎలా పీల్చాలో నేర్పడానికి కాంపౌండరు పక్కగదిలోకి తీసుకెళ్లాడు. వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. అందులో గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, పెట్టి మెలితిప్పితే మాత్ర విడిపోయి పొడి రాలుతుంది. పెదాలు బిగించి గట్టిగా లోపలికి లాగితే, విడిపోయిన మాత్ర ముక్క లోపల గిలగిల కొట్టుకున్న చప్పుడు వినిపించాలి. చప్పుడు వస్తే మందు పోయినట్టు. చాలామంది మాత్రని తీసి మింగేస్తారు, నువ్వలా చేయకు అని కాంపౌండరు హెచ్చరించాడు. మింగనండీ అని బావ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు పూరించాడు. ఊదాడు.

తెల్లటి పొడి కాంపౌండరు మీసాల నిండా పడింది.

ఆ గదిలో వరసలో కూర్చున్న ఆయాసగాళ్లందరూ దగ్గుతూ దగ్గుతూ నవ్వారు. కాంపౌండరు మీసాలు దులుపుకుంటూ, ఊదేది కాదయ్యా బాబూ, పీల్చేది అని ఇంకోటి పెట్టిచ్చాడు. అదీ ఊదాడు. బావకి తన మీద తనకే ఆశ్చర్యమేసింది.

"ఏం చేసేదండీ, పెదాలకి గొట్టం తగిల్తే చాలు, బుగ్గలు నామాట వినవు. అయినా దేవుడు ఆదాముకి ప్రాణం ఊది పోశాడు గానీ పీల్చి పోయలేదు గదండీ" అన్నాడు.

ఆ తర్వాతది కుదిరింది. మాత్ర ముక్క గిలగిలమంది. తిరుగు రైల్లో ఆయన ఖాళీ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని లోపలికి లాగుతూ, గుడ్లవల్లేరు దాటేదాకా సాధన చేస్తూనే ఉన్నాడు. ఎదురు సీటు మీద చేపల గంపతో కూర్చున్న ఆవిడ, అయ్యగారు పిల్లనగ్రోవి నేర్చుకుంటున్నారా అని నన్నడిగింది.

పొడి మందు బాగానే పట్టింది, నిజం చెప్పాలి. రోజూ పొద్దునా సాయంత్రం అక్క ముందు నిలబడి, బుగ్గలు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని మరీ పీల్చేవాడు. ఒక్క వేలు వదిలితే ఊదేస్తాడేమోనని అక్క ఆటపట్టించేది. పిల్లికూతలు తగ్గాయి. పనిలో దీపం ముందు ఆపకుండా కూర్చోగలిగాడు.

ప్రదర్శనకి ఏంజెల్ బొమ్మ తయారు చేయడం మొదలెట్టింది. పెద్ద థర్మోకోల్ అట్ట, దాని మీద నీలం రంగు, మధ్యలో బ్లేడుతో కోసిన చిల్లు, వెనక ఎర్ర కాగితం చుట్టిన బల్బు. చిల్లు అంచు పొడిపొడిగా రాలిపోతోందని ఏడుపు మొహం పెడితే, బావ రాగి తీగ వంచి, దానికి టంకం పెట్టి, పూత పోయించి, సరిగ్గా ఆ చిల్లు కొలతకి కడియం చేసిచ్చాడు. అది తొడిగాక ఆకాశానికి పడ్డ చిల్లు పెళ్లికూతురి నగలా మెరిసింది.

"అమ్మలూ, ఇదే నేను ఆకాశానికి పెట్టగలిగిన టంకం" అన్నాడు.

కింద అతికించడానికి ఒక ఖాళీ పంపు కావాలంది ఏంజెల్. బల్ల మీద ఖాళీవన్నీ అప్పటికే గిన్నెలైపోయాయి. బావ జేబులో చెయ్యి పెట్టి తన పంపు తీసిచ్చాడు.

"ఇది?" అంది.

"ఖాళీదేలే. తీసుకో."

నేను అక్కడే ఉన్నాను. కోచింగు పుస్తకంలో పేర్లు బట్టీ పడుతున్నాను. ఆ మాట విన్నాను, పేజీ తిప్పాను.

జిల్లా ప్రదర్శనలో ఏంజెల్ బొమ్మకి బహుమతి వచ్చింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులకి ఏంజెల్ కర్రతో చూపిస్తూ చెప్పింది, "ఈ పంపు మా నాన్నగారిదేనండి. మా నాన్నగారు మానేశారండి." వాళ్లు బావ వైపు తిరిగి మెచ్చుకోలుగా చూస్తే ఆయన ఎక్కడ చూడాలో తెలియక కడియం వైపు చూశాడు. ఆ బొమ్మని బళ్లో హెడ్మిస్ట్రెస్ గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికొచ్చాక అక్క మాత్రం ఒకే మాట అడిగింది, ఆ డాక్టరు పాతది కూడా ఉంచుకోమన్నాడు గదా అని. ఇంకోటి కొంటాలే అన్నాడు బావ. ఆకాశం ముందు అన్న మాట తప్పుతానా అని నాకు వినపడేలా గొణిగాడు. కొనలేదు.

కార్తీకంలో వాయుగుండం మళ్లీ వచ్చింది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్నారు. పెళ్లి ముహూర్తాల సరుకు, ఆపడానికి వీల్లేదు. వాన జల్లు తొట్లలో పడకుండా పిచ్చేశ్వరరావు షెడ్డు చుట్టూ టార్పాలిన్లు కట్టించాడు. వాన లోపలికి రాలేదు, పొగ బయటికి పోలేదు. మధ్యాహ్నం కేరేజీ తీసుకుని నేను పరదా ఎత్తేసరికి కళ్లు మండిపోయాయి. పనివాళ్లు ముక్కులకి తువ్వాళ్లు కట్టుకుని ఉన్నారు. బావ కట్టుకోలేదు. ఊదేవాడు మూతికి తువ్వాలు ఎలా కట్టుకుంటాడు.

దీపం ముందే కూర్చున్నాడు గానీ ఊదడం లేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, భుజాలు చెవుల దాకా ఎగదన్ని, మంట వైపు చూస్తున్నాడు. పిల్లికూతలు వాకిట్లోకే వినిపిస్తున్నాయి.

ఆయన జేబులోంచి పొడి గొట్టం తీసి, మాత్ర పెట్టి, మెలితిప్పి, నేనే ఆయన నోటికి అందించాను. ఆయన పెదాలు బిగించాడు. బుగ్గలు నిండాయి. ఎదురుగా దీపం ఉంది, నోట్లో గొట్టం ఉంది. ఊదాడు.

పొడి మంటలో పడి చిటపటమంది.

"పీల్చు బావా."

తెలుసన్నట్టు తల ఊపాడు. రెండోది పెట్టాను. అదీ ఊదాడు. దీపం ఆర్పేశాను. ఆయన బుగ్గలు రెండూ నా చేత్తో నొక్కి పట్టుకుని మూడోది పెట్టాను. ఈసారి ఊదలేదు. లాగాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. మాత్ర ముక్క కదల్లేదు.

"పంపేది బావా? పాతది ఏది?"

ఆయన చూపుడువేలు పైకెత్తాడు.

తర్వాత సమాధి కార్యక్రమంలో పాస్టరుగారు ఆ వేలి గురించే ప్రసంగం చేశారు. ఆఖరి ఘడియలో రత్నరాజుగారు పరలోకం వైపు చూపించారని. అక్క దాన్నే పట్టుకుని బతుకుతోంది. నేను బావని అడిగింది పంపెక్కడని. ఆయన చెప్పింది దానికి జవాబు, ఏంజెల్ చేసిన ఆకాశానికి ఇచ్చేశానని.

రిక్షాలో వేసుకుని బయల్దేరాం. మోకాలి లోతు నీళ్లలో రిక్షావాడు దిగి తోస్తున్నాడు. బావ తల నా భుజం మీద ఉంది. ఆస్పత్రి మలుపు దగ్గర పిల్లికూతలు ఆగిపోయాయి. తగ్గిందనుకున్నాను. తగ్గింది, ఇంక తొందర్లేదు, గుంటలు చూసుకుని పోనివ్వమని రిక్షావాడికి కూడా చెప్పాను. లోపలికి గాలి పోవడమే మానేస్తే కూత కూడా రాదని డ్యూటీ డాక్టరు చెప్పాక తెలిసింది.

పిచ్చేశ్వరరావు చెడ్డవాడు కాదు. ఖర్చులన్నీ తానే చూసుకున్నాడు. నెల తిరక్కుండా ఇంటికి వచ్చి, కృపమ్మా, ఆడవాళ్లు షెడ్డుకి రానక్కర్లేదు, పని ఇంటికే పంపిస్తానన్నాడు. దీపం, బొగ్గు దిమ్మ, వెండిలా మెరిసే ఆ గిన్నెలు, ఊదుగొట్టం, అన్నీ ఒక సంచిలో వేసి పంపించాడు. టార్పాలిన్లు అలాగే ఉన్నాయి, తొట్లు అలాగే ఉన్నాయి, బావ కూర్చున్న చోట గిలకలదిండి నుంచి వచ్చిన ఇంకో మనిషి కూర్చున్నాడు. సంవత్సరం మారింది. లోకం ఉంది.

ఏంజెల్ బడి మానేసిందని ఝాన్సీలక్ష్మి టీచరు ఇంటికి వచ్చింది. చేతిలో ఆ బొమ్మ. బీరువాలో చోటు కావలసి వచ్చిందని, అయినా ఇది మీ దగ్గరుంటేనే బాగుంటుందని ఏదో చెప్పింది. పరీక్షలైనా రాయించమని అక్కని బతిమాలింది. అక్క ఊఁ కొట్టింది. టీచరు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

బొమ్మ గోడకి ఆనించి ఉంది. నీలం రంగు వెలిసిపోయింది గానీ కడియం మాత్రం అలాగే మెరుస్తోంది. ఏంజెల్ చూడటం లేదు కదా అని నేను పంపుని మెల్లిగా ఊడదీసి చెవి దగ్గర ఊపాను. లోపల మందు కదిలింది. నిండుగా ఉంది. గబుక్కున జేబులో వేసుకున్నాను.

"దానికి అతుకు సరిగ్గా లేదు, ఊడిపోయింది. ఖాళీదే కదా, పారేస్తాను" అన్నాను వెనక్కి తిరిగి.

ఏంజెల్ బల్ల ముందు కూర్చుని ఉంది. సంచిలోంచి సామాను తీసి, వాళ్ల నాన్న సర్దినట్టే సర్దుతోంది.

"ఖాళీది కాదు మావయ్యా" అంది, తల ఎత్తకుండా. "అతికించేటప్పుడే ఊపి చూశాను. ఇంకోటి కొనుక్కుంటాడులే అనుకున్నాను. ఖాళీది పెడితే నొక్కినప్పుడు బుస్సుమని రాదుగా. జడ్జీలు నొక్కి చూస్తారని టీచరు చెప్పింది."

అక్క వంటింటి గడప మీద నిలబడి ఉంది. విన్నదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. దీపం తెచ్చి బల్ల మీద పెట్టి వెలిగించింది.

ఏంజెల్ గిన్నెలో వెలిగారం కలిపింది. ఊదుగొట్టం తీసుకుని, కొస వైపు ఒకసారి పరికిణీతో తుడిచి, నోట్లో పెట్టుకుంది. బుగ్గలు పూరించింది. మంట పక్కకి వంగింది.